పిల్లల జబ్బు – పెద్దల బతుకు

(పూర్వ విద్యార్థి, ఎం.ఏ. సోషియాలజీ)



నేను ఎనిమిదో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాను. అప్పటికి మా తమ్ముడికి నాలుగేళ్ళు. దగ్గు, జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు రెండు రోజులు ఇంజక్షన్ వేశాడు. మూడో రోజు సాయంత్రానికి వాడు ఊపిరి అందక డొక్కలు ఎగరేయసాగాడు. నాన్న మిరపకాయల కోతకు పొరుగూరు వెళ్ళాడు. ఆయన వచ్చేదాకా అమ్మ గడప దాటలేదు. 108 గురించి విన్నాం కానీ, ఫోన్ చేస్తే డబ్బులు అడుగుతారేమోనని భయం. చివరికి అప్పు తెచ్చి, ఆటో మాట్లాడుకుని పట్నం చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు తమ్ముణ్ణి చూస్తూనే ఆక్సిజన్ పెట్టించారు. తర్వాత నాన్న వైపు తిరిగి, "మూడు రోజులు ఏం చేస్తున్నారయ్యా? చచ్చాక తీసుకొద్దామనుకున్నారా?" అని కేకలేశారు. నాన్న తువ్వాలు చేత్తో పట్టుకుని తల వంచుకుని నిలబడ్డాడు.

తమ్ముడు బతికాడు. ఇప్పుడు మన హాస్టల్లోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కానీ ఆ డాక్టరు ప్రశ్న నన్ను వదల్లేదు. సోషియాలజీ చదివాక దానికి కొంత జవాబు దొరికింది. అది మీతో పంచుకోవాలనే ఈ వ్యాసం.

మన ఒక్కరి సంగతి కాదు

తల్లిదండ్రుల కూలి, చదువు, ఇల్లు, కులం, ఊరు – ఇవన్నీ పిల్లలు ఆసుపత్రికి ఏ గుమ్మం గుండా, ఏ వేళకు వస్తారన్నదాన్ని నిర్ణయిస్తాయి. ఇది మన దేశంలోనే కాదు. ఇంగ్లాండులో ప్రభుత్వ వైద్యం అందరికీ ఉచితం. అయినా అక్కడ అన్ని వయసులవారినీ కలిపి చూస్తే, బాగా కలిగిన ప్రాంతాలవారి కంటే బాగా పేద ప్రాంతాలవారు దాదాపు రెట్టింపు సార్లు అత్యవసర విభాగానికి వస్తున్నారు. వేల్స్‌లో బొగ్గు గని కార్మికుల ఊళ్ళో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక మాట చెప్పారు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే తక్కువగా అందుతుందని ఆయన సూత్రం. మన ఊళ్ళు చూస్తే అది ఎంత నిజమో తెలుస్తుంది.

ఆపద ముందు మన ఇంటికే వస్తుంది

ఒకే గది ఇంట్లో పొయ్యి నేల మీదే ఉంటుంది. పాకే పిల్లవాడికి గంజి గిన్నె అందుతుంది. పురుగుల మందు డబ్బా దాచడానికి వేరే గది ఉండదు. అమ్మా నాన్నా చేనుకు పోతే పసిపిల్లను చూసేది ఏడేళ్ళ అక్క. లేదంటే గట్టు మీద చెట్టుకు ఉయ్యాల కడతారు, అక్కడ పాములు, తేళ్ళు. పొగకు దగ్గు, మురికి నీళ్ళకు విరేచనాలు. కాబట్టి కాలిన గాయాలు, విషాలు, న్యుమోనియా మన పిల్లలకే ఎక్కువగా వస్తాయి. ఇది అమ్మల అజాగ్రత్త కాదు, ఇంటి వైశాల్యం, కూలి పని వేళలు.

ఇంకో సంగతి. ఓపీ చీటీలు ఇచ్చేది పగటి పూట. కూలికి వెళ్ళేదీ పగటి పూటే. పిల్లవాణ్ణి చూపించడానికి అమ్మ ఒక రోజు మానితే ఆ రోజు కూలి పోతుంది, నాన్న కూడా తోడు వెళితే రెండు కూలీలు పోతాయి. అందుకే చిన్న జ్వరాన్ని కూడా రాత్రి క్యాజువాలిటీకే తీసుకొస్తారు. అది ఎప్పుడూ తెరిచి ఉండే ఒకే ఒక తలుపు. "ఇంతదానికి ఎమర్జెన్సీకి ఎందుకొచ్చారు?" అని వీళ్ళనూ కసురుకుంటారు. త్వరగా వచ్చినా తప్పే, ఆలస్యంగా వచ్చినా తప్పే.

ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

కాన్పు సమయంలో తల్లులు ఎందుకు చనిపోతున్నారో వివరిస్తూ సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు. నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. పిల్లల విషయంలోనూ ఇదే లెక్క సరిపోతుంది.

మా ఇంటినే తీసుకోండి. అమ్మ ఒంటరిగా నిర్ణయించలేకపోయింది. అప్పు పుట్టాలి, పెద్ద మనిషి రావాలి. ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్ళడం తెలివితక్కువతనం కాదు. ఆయన రాత్రయినా ఇంటికి వస్తాడు, డబ్బు తర్వాత ఇవ్వమంటాడు, మన మాటలోనే మాట్లాడతాడు. తర్వాత దారి. లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. కానీ రాత్రి ఊపిరాడని పిల్లవాణ్ణి చాలాసార్లు పట్నానికే తీసుకెళ్ళాలి. చేరాక చీటీ ఎక్కడ రాస్తారో, ఎవరిని అడగాలో తెలియదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పెద్ద చికిత్సల ఖర్చు చాలావరకు తీర్చింది. ఆటో కిరాయి, పోయిన కూలి, అవమానం మాత్రం ఏ కార్డులోనూ లేవు.

డాక్టరుగారి మీద నాకు కోపం లేదు. ఆ రాత్రి ఆయన ఒక్కరే, వరండా నిండా పిల్లలు. కానీ అలా ఒకసారి తిట్టించుకున్న తండ్రి మరోసారి రావడానికి ఇంకా ఆలస్యం చేస్తాడు.

అమ్మ చదువు, మన చదువు

జాన్ కాల్డ్‌వెల్ 1979లో నైజీరియా లెక్కలు పరిశీలించి, తల్లి చదువుకుంటే పిల్లలు బతికే అవకాశం బాగా పెరుగుతుందని చూపించారు. డబ్బు ఒక్కటే కారణం కాదన్నారు. చదువుకున్న తల్లి తనే నిర్ణయం తీసుకుంటుంది, డాక్టరును ధైర్యంగా అడుగుతుంది. మన అమ్మలకు ఆ చదువు అందలేదు. అందిన మనం ఇంట్లో ఆ పని చేయాలి.

మొదటిది, ప్రమాద సూచనలు తెలుసుకోండి. చిన్న పిల్లలు తాగలేకపోయినా, పాలు పట్టకపోయినా, తిన్నదంతా కక్కినా, ఫిట్స్ వచ్చినా, మగతగా పడి ఉన్నా ఆగకూడదు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40 లేదా అంతకు మించితే ప్రమాదం. డొక్కలు ఎగరేస్తుంటే లెక్క కూడా అక్కర్లేదు, వెంటనే బయల్దేరండి.

రెండోది, 2005 ఆగస్టు 15న మొదలైన 108 సేవకు డబ్బు కట్టక్కర్లేదు. ఈ మాట ప్రతి ఇంట్లో చెప్పండి.

మూడోది, విరేచనాలైతే ప్యాకెట్ మీద రాసినన్ని శుభ్రమైన నీళ్ళలో ఓఆర్ఎస్ కలిపి ఇస్తూ ఉండండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు. పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. మందు తాగితే ఆ డబ్బా వెంట తీసుకెళ్ళండి.

నాలుగోది, ఒక చీటీ రాయండి. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందు వేశారు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఒంటేలు ఎప్పుడు పోశాడు. పోయినేడు మా చిన్నాన్న కూతురికి విరేచనాలు పట్టుకున్నప్పుడు నేను ఇలాగే రాసిచ్చాను. నర్సమ్మ అది చదివి వెంటనే సెలైన్ పెట్టారు. చిన్నాన్నను ఎవరూ ఏమీ అనలేదు.

తమ్ముళ్ళూ, సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ నాలుగు విషయాలు ఇంట్లోనూ, పక్కింట్లోనూ చెప్పండి. అన్నలూ, మీలో నర్సులు, ఫార్మసిస్టులు, డాక్టర్లు అయినవాళ్ళు ఉన్నారు. అర్ధరాత్రి మీ ముందు ఎవరైనా తువ్వాలు పట్టుకుని తల వంచుకు నిలబడితే, కేకలేసే ముందు వాళ్ళ ఊరు ఎంత దూరమో అడగండి.