పెట్టెమీది అంకెయు, బండిమీది నంబరును

మోటారు కారు ముందరి అద్దమునకు లోపలి ప్రక్కన అమర్చి, ఎదుటి బాటను ఎడతెగక చిత్రించు చిన్న యంత్రమును డ్యాష్ కెమెరా అందురు. తక్కువ వెలకు దొరకు కెమెరాల పెట్టెలపైనను నేడు '4కె' అను అంకె కనబడుచున్నది. ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చునో, నిజమును ఇంటివద్దనే ఎట్లు తెలిసికొనవచ్చునో ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

ఈ విచారము వేడుకకు కాదు. మనుష్యుని గుద్ది ఆగక పోయిన బండి జాడ తెలియనిచో, 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న పథకము ననుసరించి మరణమునకు 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయమునకు 50 వేలు మాత్రమే పరిహారము. బండి నంబరు తెలిసినచో, బాధితుని సంపాదనను, అతనిపై ఆధారపడినవారిని లెక్కలోనికి తీసికొని ట్రిబ్యునలు పరిహారమును నిర్ణయించును. నంబరులో ఒక్క అక్షరము మసకబారినను ఒక కుటుంబమునకు నష్టము కలుగవచ్చును.

వీడియో చిత్రమనగా వరుసలుగా పేర్చిన చుక్కల కూర్పు. వీనినే పిక్సెళ్లు అందురు. 1080పి చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి సుమారు 20 లక్షల 70 వేల చుక్కలుండును. 4కె చిత్రమున అడ్డముగా 3840, నిలువుగా 2160, వెరసి సుమారు 83 లక్షలు. అనగా నాలుగు రెట్లు.

అయితే చుక్కల లెక్క రెండు తావులందు కలదు. కటకము వెనుక వెలుతురును గ్రహించు సెన్సర్‌లోని లెక్క యొకటి, తయారైన ఫైలులోని లెక్క యొకటి. ఈ రెండును సమానముగా నుండి తీరవలెనని లేదు. 20 లక్షల చుక్కల సెన్సర్ చూచిన దృశ్యమునకు నడుమనడుమ ఊహించిన చుక్కలను చేర్చి, 83 లక్షల చుక్కల ఫైలుగా సాగదీయవచ్చును. దీనికే ఇంటర్‌పొలేషన్ అని పేరు. పాలలో నీరు కలిపినచో కొలత పెరుగును గాని వెన్న పెరుగదు. కావున ఫైలు వివరములలో 3840 అని కనబడినంతనే తృప్తిపడరాదు.

కొనుటకు ముందే సెన్సర్ పేరు అడుగవలెను. సోనీవారి ఐఎంఎక్స్ 307 సెన్సర్‌లో సుమారు 21 లక్షలు, 335లో 51 లక్షలు, 415లో 84 లక్షల చుక్కలు కలవు. వీనిలో కడపటిదానికి మాత్రమే నిజమైన 4కె సాధ్యము. సెన్సర్ పేరు చెప్పని సరకును సందేహింపవలసినదే.

కొన్న పిదప పరీక్ష సులభము. పగటివేళ, నిలిచియున్న కారునకు 10 మీటర్ల దూరమున మీ కారును నిలిపి, 1080పిలో ఒక నిమిషము, 4కెలో ఒక నిమిషము చిత్రింపుడు. రెండింటిని కంప్యూటరు తెరపై పెద్దవి చేసి, నంబరు పలకను పోల్చి చూడుడు. నియమముల ప్రకారము కారు పలకమీది అక్షరముల ఎత్తు 65 మిల్లీమీటర్లు. 120 డిగ్రీల మేర చూచు కటకమునకు ఆ దూరమున ఒక అక్షరపు ఎత్తు 1080పిలో సుమారు 6 చుక్కలు, నిజమైన 4కెలో సుమారు 12. 6 చుక్కలలో 3, 8 ఒకదానివలె ఒకటి కనబడవచ్చును, 12లో వేరుపడవలెను. ఏ భేదమును కనబడనిచో చిత్రము సాగదీసినదై యుండును. లేదా కటకమే నాసిరకమై యుండును. కారణ మేదైనను కొన్నవానికి ఆ అంకెవలన లాభము లేదు.

రెండు ఫైళ్ల పరిమాణమును కూడ చూడవలెను. సెకనునకు 15 మెగాబిట్ల చొప్పున వ్రాయు ఫైలు నిమిషమునకు సుమారు 112 మెగాబైట్లగును. చుక్కలు నాలుగు రెట్లైనను పరిమాణము పెరుగనిచో, సూక్ష్మ వివరములు కుదింపులో చెరిగిపోవును.

ఇదే పరీక్షను రాత్రివేళను, కదలుచున్న బండిపైనను చేయవలెను. మసక వెలుతురున కెమెరా ఒక్కొక్క చిత్రమునకు ఎక్కువ సేపు వెలుతురును తీసికొనును. అంతలో బండి కదలి అక్షరములు అలుకుకొనిపోవును. అందుచేత సాగదీసిన 4కె కంటె, మంచి కటకము గల నిజమైన 1080పి గాని 1440పి గాని మేలు. తిరిగి యిచ్చు గడువు దాటకమునుపే ఈ పరీక్షలు ముగించుకొనవలెనని మా సలహా.