పర్యావరణ నమూనాలలో శాస్త్రీయ కార్యప్రవాహాలు – భూప్రాదేశిక సేవల సమన్వయం

ఉపోద్ఘాతం

ఒక పరీవాహక ప్రాంతంలో కురిసిన వానలో ఎంత భాగం ఉపరితల ప్రవాహంగా మారుతుందో అంచనా వేయడానికి వర్షపాతం, నేల రకం, భూవినియోగం వంటి వివరాలు అవసరం. ఇవి తరచుగా వేర్వేరు సంస్థల వద్ద, వేర్వేరు రూపాలలో ఉంటాయి. వాటిని సేకరించి ఒక్కొక్క దశను విడివిడిగా నడిపితే, కొంతకాలం తరువాత అదే ఫలితాన్ని తిరిగి సాధించడం ఆ పరిశోధకునికే కష్టమవుతుంది.

సేవ – కార్యప్రవాహం

ఈ ఇబ్బందిని తొలగించడానికి రెండు సాంకేతికతలు తోడ్పడతాయి. మొదటిది ప్రక్రియా సేవ. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం 2007లో వెలువరించిన వెబ్ ప్రాసెసింగ్ సర్వీస్ 1.0.0 ప్రమాణం ఇందుకు మూడు అభ్యర్థనలను నిర్దేశించింది. సేవలో ఏ ప్రక్రియలు ఉన్నాయో అడగడం మొదటిది; ఒక ప్రక్రియకు కావలసిన దత్తాంశాల వివరణ కోరడం రెండవది; ఆ ప్రక్రియను నడపడం మూడవది. ఇక రెండవ సాంకేతికత శాస్త్రీయ కార్యప్రవాహం. కెప్లర్, టావెర్నా వంటి వ్యవస్థలలో దశల క్రమాన్ని నిర్దేశించి, ఏ దశ ఏ దత్తాంశంతో నడిచిందో నమోదు చేయవచ్చు. గణన సేవది, క్రమమూ చరిత్రా కార్యప్రవాహానివి.

సంధి వద్ద సమస్య

అయితే రూపం కుదిరినంత మాత్రాన అర్థం కుదిరినట్లు కాదు. ప్రవాహాన్ని అంచనా వేసే కర్వ్ నంబరు పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. ఇందులో 25400ను కర్వ్ నంబరుతో భాగించి 254 తీసివేస్తే నేల నిలుపుదల సామర్థ్యం మిల్లీమీటర్లలో వస్తుంది. కర్వ్ నంబరు 80 అయితే అది 63.5 మి.మీ.; అంటే 2.5 అంగుళాలు. 100 మి.మీ. వానకు ఈ పద్ధతి ప్రకారం ప్రవాహం సుమారు 50.5 మి.మీ. ఒక సేవ నిలుపుదలను అంగుళాలలో పంపగా, తరువాతి సేవ ఆ 2.5ను మిల్లీమీటర్లుగా గ్రహిస్తే ఫలితం 97 మి.మీ. దాటుతుంది. వరద అంచనా దాదాపు రెట్టింపైనా దోష సందేశం రాదు. రెండు సేవల దృష్టిలోనూ అది చెల్లుబాటయ్యే సంఖ్యే. సంఖ్యా దత్తాంశానికి కొలమానాన్ని ప్రకటించే వీలును ప్రమాణం కల్పించినా, దానిని తప్పనిసరి చేయలేదు.

ముగింపు

కాబట్టి కొలమానాన్ని, నిరూపక వ్యవస్థను ప్రతి సేవా వివరణలో పేర్కొనడం, కొలమాన మార్పిడిని కార్యప్రవాహంలో ప్రత్యేక దశగా చూపడం అవసరం. పైన లెక్కించినటువంటి, చేతితో సరిచూడదగిన ఉదాహరణను ముందుగా నడిపి చూస్తే ఇటువంటి దోషం వెంటనే బయటపడుతుంది. లేనిపక్షంలో కార్యప్రవాహం తప్పును కూడా అంతే విశ్వసనీయంగా పునరావృతం చేస్తుంది.