ప్రాణహిత ఒడ్డు రాక్షసబల్లి.. శాంతి నగర్ గల్లీలో లెక్కల పాఠం

చిక్కు నూలు, చింతగింజలు, సుద్దముక్క చాలు
చిన్నపిల్లలకు అంకెలు ఇంటి భాషలోనే పట్టుబడతాయి

భివండి, శాంతి నగర్: పొద్దున పాళీ మారే వేళ. ఒకవైపు సాంచాల టకటక, ఇంకోవైపు బడి సంచి తగిలించుకున్న అయిదేళ్ల బుడతడు. ‘వన్, టూ, త్రీ..’ అంటూ వంద దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేస్తాడు. అమ్మానాన్నలకు సంబరం. అదే పిల్లాడిని ‘ఏడు కండెలు తే బిడ్డా’ అని అడిగి చూడండి. రెండు చేతులా దొరికినన్ని పట్టుకొస్తాడు. ‘ఎన్నున్నయ్?’ అంటే మళ్లీ ‘వన్..’ నుంచి మొదలు! ఇలాంటి పిల్లలు మన ఇళ్లలో చాలామందే ఉంటారు. తప్పు పిల్లాడిది కాదు. అంకెల పాట వచ్చింది.. లెక్క ఇంకా రాలేదు. అంతే.

అప్పజెప్పడం వేరు.. లెక్కపెట్టడం వేరు

లెక్క రావడమంటే మూడు సంగతులు తెలియాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె చొప్పునే చెప్పాలి, ఏదీ వదలకూడదు, ఏదీ రెండుసార్లు లెక్కించకూడదు. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుంది. వస్తువులను దగ్గరగా పేర్చినా, దూరంగా పరిచినా ఆ సంఖ్య మారదు. పెద్దవాళ్లకు ఇవి చిన్న విషయాలుగా అనిపిస్తాయి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు మాత్రం ఇవే పునాది. ఇది గట్టిగా పడకపోతే మూడో తరగతిలో కూడికలు, తీసివేతలు కొండల్లా కనిపిస్తాయి. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ‘నిపుణ్ భారత్’ మొదలుపెట్టింది ఇందుకే. మూడో తరగతి ముగిసేసరికి పిల్లలందరికీ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలన్నది లక్ష్యం. అందుకు గడువు 2026-27.

బడి సంగతి బడిది. పన్నెండు గంటల పాళీ చేసే ఇంట్లో ఏం చేయగలం? రోజుకు పది నిమిషాలు చాలు. పిల్లలు ఎగబడి వచ్చే ఆట ఒకటి కావాలి. ఆ వయసులో రాక్షసబల్లి అంటే చెవికోసుకోని పిల్లలు తక్కువ. బజారులో ప్లాస్టిక్ డైనోసార్ల పొట్లం కనిపిస్తే మారాం చేయనివాళ్లూ తక్కువే. ఆ ఇష్టాన్నే లెక్కల వైపు మళ్లిస్తే సరి.

మన ఏటి గట్టు జంతువే

డైనోసార్ అంటే ఎక్కడిదో విదేశీ జంతువు అనుకుంటాం. మన గోదావరి, ప్రాణహిత ఒడ్డునే అవి తిరిగాయి. సుమారు 18 కోట్ల ఏళ్ల కిందటి మాట. వాటిలో ఒకదాని పేరు ‘కోటసారస్ యామనపల్లియెన్సిస్’. ఈ పేరులోనే సరిహద్దు ఉంది. ‘కోట’ అన్నది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా గ్రామం. ఎముకలు దొరికిన రాతి పొరలకు ఆ ఊరి పేరే పెట్టారు. యామనపల్లి తెలంగాణ వైపు ఊరు. ఏటికి అటొకటి, ఇటొకటి.. రెండు ఊళ్లూ కలిసి ఒకే జంతువుకు పేరయ్యాయి. ఊరు అక్కడ, బతుకు ఇక్కడ అనుకునే మనవాళ్ల పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి కథ ఏముంటుంది?

యామనపల్లి దగ్గర 1970ల చివర్లో 840 ఎముకల భాగాలు బయటపడ్డాయి. భూగర్భ శాస్త్రవేత్త పి.యాదగిరి 1988లో ఆ జంతువు వివరాలు ప్రకటించారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు. సెలవులకు ఊరెళ్లినప్పుడు పిల్లలకు చూపించొచ్చు.

ఇదే లోయలో దొరికిన ఇంకో పెద్దది ‘బారాపాసారస్ టాగోరి’. పోచంపల్లి అనే ఊరి దగ్గర బయటపడింది. ఇక్కత్ చీరల పోచంపల్లి కాదు, ఇది వేరే ఊరు. ‘బారా పా’ అంటే పెద్ద కాలు. తవ్వకాలు ముమ్మరంగా సాగిన 1961 రవీంద్రనాథ్ టాగోర్ శతజయంతి ఏడాది కావడంతో ఆయన పేరు కలిపారు. తవ్వింది ఎవరనుకున్నారు? కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. అంటే లెక్కల సంస్థే! ఆ అస్థిపంజరం ఇప్పటికీ ఆ సంస్థ మ్యూజియంలోనే ఉంది.

చిక్కు నూలుతో పద్నాలుగు మీటర్లు

ఇక ఆటలోకి వద్దాం. బారాపాసారస్ సుమారు 14 మీటర్ల పొడవు ఉండేదని, కోటసారస్ 9 మీటర్లు ఉండేదని శాస్త్రవేత్తల అంచనా. మీటరు అంటే మనకు కొత్త కాదు. కూలి వచ్చేదే మీటర్ల లెక్కన. పారేసే చిక్కు నూలును తాడులా పేనండి. మీటరుకో ముడి వేయండి. మొత్తం 14 ముళ్లు. తొమ్మిదో ముడికి ఎర్ర గుడ్డపీలిక కట్టండి. ఆదివారం గల్లీలో పరిచి, పిల్లలతో సుద్దముక్కతో బొమ్మ గీయించండి. తల ఒక చివర, తోక ఇంకో చివర.

ఇప్పుడు అడగండి. ‘ఏది పొడుగు?’ ‘ఎర్ర పీలిక నుంచి చివరి దాకా ఎన్ని ముళ్లు?’ పిల్లలు నడుస్తూ ముడి ముడికీ ఆగి లెక్కపెడతారు. అయిదు అని తేలుతుంది. పలక ముట్టకుండానే తీసివేత అయిపోయింది. ‘అయిదో ముడి మీద నిలబడు, ఇంకో మూడు ముళ్లు నడువు, ఎక్కడున్నవ్?’ అంటే అది కూడిక. పెద్ద తరగతుల్లో వచ్చే సంఖ్యారేఖ కూడా ఇదే. పుస్తకంలో గీత అయితే, గల్లీలో తాడు.

గూటికి పది గుడ్లు

మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో డైనోసార్లు గుడ్లు పెట్టిన 92 గూళ్లు, 256 గుడ్లు దొరికినట్టు శాస్త్రవేత్తలు 2023 జనవరిలో ప్రకటించారు. ఆ కథ చెప్పి, ఇంట్లో చింతగింజలను గుడ్లు చేయండి. పాత గిన్నెలు గూళ్లు. ‘ఈ తల్లికి నాలుగు గుడ్లు పెట్టు, ఆ తల్లికి ఆరు పెట్టు’ అనండి. అడిగినన్ని సరిగ్గా తీసి ఇవ్వగలిగితే పిల్లాడికి ఆ అంకె అర్థమైనట్టే. మూడు దాకా బాగా ఇచ్చి నాలుగు దగ్గర తడబడితే కంగారు వద్దు. కొన్నాళ్లు నాలుగుతోనే ఆడించండి.

తర్వాత మెట్టు.. గూటికి పది గుడ్లు నిండగానే కొత్త గూడు. రెండు నిండు గూళ్లు, బయట మూడు గుడ్లు ఉంటే ఎన్ని? ఇరవై మూడు. పదులు, ఒకట్లు అన్న మాటలు వాడకుండానే స్థాన విలువ చేతికి అందుతుంది.

ఇంకొంచెం పెద్దపిల్లలకు చెప్పుల ఆట. యామనపల్లి ఎముకలన్నీ కలగాపులగంగా ఉన్నా, కనీసం 12 జంతువులవని తేల్చారు. ఇలాంటివి ఎలా తేలుస్తారు? ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే. అవి ఆరు దొరికితే కనీసం ఆరు జంతువులు ఉన్నట్టు. గడప ముందు విడిచిన చెప్పులు చూపించి ‘లోపల ఎందరున్నరో చెప్పు’ అనండి. ఎడమకాలి చెప్పులు లెక్కపెడితే చాలని పిల్లాడే కనిపెడతాడు.

ఇంటి భాషే బలం

మన పిల్లలకు అసలు చిక్కు మరొకటి. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో మరాఠీ లేదా ఇంగ్లిష్. 23ను మరాఠీలో ‘తేవీస్’ అంటారు. అందులో మూడు ముందు, ఇరవై వెనక. 29 అయితే ‘ఎకోణతీస్’, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. హిందీలోనూ ‘తేయీస్’, ‘ఉన్‌తీస్’ ఇలాంటివే. చెవికి ఒకలా వినిపించి, పలక మీద ఇంకోలా రాయాలి. ఇది మరాఠీ పిల్లలకే కష్టంగా ఉందని మహారాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ బాలభారతి 2019లో రెండో తరగతి గణితంలో ‘వీస్ ఎక్’, అంటే ఇరవై ఒకటి తరహాలో చదివే పద్ధతినీ చేర్చింది. దానిపై పెద్ద వివాదమే నడిచింది. గణిత కమిటీకి నేతృత్వం వహించిన గణితవేత్త మంగళా నార్లీకర్ ఆ మార్పును సమర్థించారు.

వాళ్లు కొత్తగా తేవాలనుకున్నది మన తెలుగులో మొదటి నుంచీ ఉంది. పది నుంచి ఇరవై మధ్య కొంత వంకర ఉన్నా, ఇరవై దాటితే దారి తిన్నగా ఉంటుంది. ఇరవై మూడు, ఇరవై తొమ్మిది, నలభై ఆరు.. ఎలా పలుకుతామో అలాగే రాస్తాం. రెండు నిండు గూళ్లు ‘ఇరవై’, బయటి గుడ్లు ‘మూడు’. ‘తెలుగులో లెక్కలు నేర్పితే బడిలో వెనకబడతాడేమో’ అన్న భయం అక్కర్లేదు. ఎంత అన్నది ఒకసారి అర్థమైతే దాని మరాఠీ పేరు, ఇంగ్లిష్ పేరు తర్వాత అతుక్కుంటాయి. పేర్లు మాత్రమే వచ్చి ఎంతో తెలియకపోతేనే తంటా.

ఇవి మరవొద్దు

డైనోసార్ బొమ్మకు రంగులేయించి, పక్కన అంకె రాయిస్తే లెక్క రాదు. చేత్తో ముట్టాలి, కదపాలి, నోటితో చెప్పాలి. తప్పు చెబితే కసురుకోవద్దు, ‘మళ్లీ చూద్దాం పా’ అనండి. మూడేళ్ల లోపు పిల్లలకు గింజలు ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడే ప్రమాదం ఉంది. కండెలు ఇంటికి తెచ్చి ఆడించండి గానీ, పిల్లలను నడుస్తున్న సాంచాల దగ్గరికి రానివ్వొద్దు. అమ్మకు తీరిక లేకుంటే అక్కో, నాయనమ్మో ఆడించినా సరే. చదువు రాని నాయనమ్మకు కూడా చింతగింజలు లెక్కపెట్టడం వచ్చు.

సిరిసిల్ల, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మగ్గం పట్టిన తరాలకు మీటర్ల లెక్క బతుకుదెరువు అయింది. వాళ్ల మనవలకు అదే లెక్క ఆట కావాలి. రేపు ఆదివారం చిక్కు నూలు తాడు ఒకటి పేని చూడండి. పద్నాలుగో ముడి దాకా నడిచిన పిల్లాడు వెనక్కి తిరిగి ‘ఇంత పెద్దగుంటదా!’ అన్నాడంటే, వాడికి పద్నాలుగు అంటే ఎంతో తెలిసినట్టే.