మొదటి మెట్టు: స్పానిషు భాషయు, ప్రాథమిక గణితమును

ఉన్నత పాఠశాలను విడిచిపోవు విద్యార్థులలో ననేకులను రెండు భయములు వెన్నంటి యుండును. క్రొత్త భాష తమకు పట్టువడదనునది యొకటి. లెక్కలు తమ నుదుట వ్రాసి యుండలేదనునది రెండవది. ఈ రెండు భయములకును ఆధారము మిక్కిలి స్వల్పమని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కమ్యూనిటీ కళాశాలలను పేర రెండేండ్ల విద్యాలయములు గలవు. ఇల్లినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున 1901లో స్థాపింపబడిన కళాశాల, నేటికిని నడచుచున్న యట్టి ప్రభుత్వ విద్యాలయములలో ప్రాచీనతమము. పగలు పనిచేసి సాయంకాలము చదువుకొనువారును, నడుమ చదువు మానినవారును, పరదేశమునుండి వచ్చినవారును వీనిలో చేరవచ్చును. మన దేశమున నిట్టి కళాశాల 1995లో పుదుచ్చేరియందు వెలసెను. అమెరికా కళాశాలలలో క్రొత్తగా చేరినవారు తఱచుగా నెదుర్కొను పాఠములలో రెండు, స్పానిషు భాషాప్రవేశమును, ప్రాథమిక గణితమును. అచ్చటి తెలుగు కుటుంబముల పిల్లలును ఆ బల్లలమీద కూర్చుండువారే. స్పానిషు నేర్వదలచిన వారికి మనకు చేరువనే హైదరాబాదునందలి ఇంగ్లీషు మరియు విదేశీభాషల విశ్వవిద్యాలయమున నవకాశము గలదు.

స్పానిషు ఇరువది దేశములలో అధికారభాష. దానిని మొదలిడు తెలుగు విద్యార్థి వట్టిచేతులతో పోవుట లేదు. దాని అచ్చులు ముఖ్యముగా నైదే; అ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషు అచ్చులవలె నవి చోటుచోటునకు మాఱవు. దాని తకార దకారములు మన త, ద లవలె దంత్యములు. రేఫములు రెండు గలవు. 'పెరొ' యనిన 'కాని' యని యర్థము. రేఫమును గట్టిగా నదరించి 'పెఱ్ఱొ' యనిన 'కుక్క' యని యర్థము. మనలో 'నీవు', 'మీరు' ఉన్నట్లే వారిలో 'తూ', 'ఉస్తేద్' గలవు. 'వచ్చితిని' అన్న చోట 'నేను' అని వేఱుగా చెప్ప నక్కఱలేనట్లే, స్పానిషునను క్రియాంతమే కర్తను తెలుపును. 'నాకు మామిడిపండు ఇష్టము' అనుటకు వారు 'మె గుస్త ఎల్ మాంగొ' యందురు. ఇంగ్లీషువాడు 'నేను ఇష్టపడుదును' అని కర్తృరూపమున చెప్పగా, స్పానిషువాడు మనవలెనే 'నాకు' అని మొదలిడును.

పదములును కొన్ని పూర్వపరిచితములే. స్పానిషునకు చెల్లెలివంటిదగు పోర్చుగీసు నుండి మన యిండ్లలోనికి అనేక శబ్దములు వచ్చినవి. మన మేజా వారికి 'మేస'. మన మేస్త్రి వారికి 'మాయెస్త్రొ'. మన బొత్తాము వారికి 'బొతోన్'. మన పొలముల నెఱ్ఱవఱచు మిరపయు అమెరికా ఖండమునుండి వచ్చిన పైరే. 1492లో సముద్రము దాటిన కొలంబసు పరివారము దాని కారమును చూచి, మిరియమునకు తమ భాషలో నున్న 'పిమియెంత' యను పేరునుండి దానికి 'పిమియెంతొ' యని పేరిడిరి. మనవారును మిరియమును తలచుకొనియే మిరప యనిరని తోచును. తెలియనిదానికి తెలిసినదాని పేరుపెట్టుట మనుష్యస్వభావము. చదువునకును అదియే మార్గము.

అయినను కష్టములు లేకపోలేదు. ప్రాణము లేని వస్తువులకును అందు లింగభేదము గలదు. బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగము. 'ఉండుట' యను నర్థమున రెండు క్రియలు గలవు. ఒక పండు 'ఎస్ వెర్దె' యన్న పచ్చని రంగు గలదని యర్థము. 'ఎస్తా వెర్దె' యన్న నింకను పండలేదని యర్థము. మనము 'పచ్చ', 'పచ్చి' యని విశేషణమును మార్చి తెలుపుదానిని వారు క్రియను మార్చి తెలుపుదురు. ఇట్లు పోల్చి చూచుకొన్నచో బరువు సగము తగ్గును.

స్పానిషునకును గణితమునకును ఒక ప్రాచీన సంబంధము గలదు. మన దేశమున పుట్టిన అంకెలు అరబ్బుల మూలమున పడమటికి పోయెను. స్పెయిను దేశపు మఠమొకదానిలో 976లో వ్రాయబడిన గ్రంథమున ఒకటి మొదలు తొమ్మిది వఱకు గల యంకెలు కానవచ్చును. ఐరోపాలో వాని తొలి యానవాలు అదియే. సున్నకు స్పానిషున 'సేరొ' యని పేరు. అది అరబ్బీ 'సిఫ్ర్' నుండి పుట్టెను; ఆ 'సిఫ్ర్' మన శూన్య శబ్దమునకు తర్జుమా.

ఇక గణితము. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును తెలుగు పద్యములలోనికి తెచ్చిన పావులూరి మల్లన మన సీమవాడు; ఇంకొల్లు దాపుననున్న పావులూరితో నాతని వంశమునకు సంబంధము. అనగా, తన భాషలో లెక్క నేర్చుకొనుట యీ నేలకు క్రొత్తగాదు. మన పితామహులు అర, పావు, ముప్పావు, వీసము అని భిన్నములను నోటితోనే త్రిప్పెడివారు. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చు వఱకు రూపాయిలో పదునాఱవ వంతు అణా యని యెఱుగని రైతు లేడు. ఆ భిన్నమునే పుస్తకమున గీత పైని క్రింది యంకెలుగా చూచినప్పుడు మనము బెదరుచున్నాము.

కమ్యూనిటీ కళాశాలలోని ప్రాథమిక గణితము ముఖ్యముగా భిన్నములు, నిష్పత్తులు, శాతములు, సులభ సమీకరణములు. ఇవి పరీక్షకొఱకు మాత్రమే కావు. క్వింటాలు మిరప ధర 20,000 రూపాయలుండి, నూటికి ఇరువది తగ్గి, పిదప నూటికి ఇరువది పెరిగినదనుకొందము. మొదటి ధర తిరిగి వచ్చెనని పలువురు తలంతురు. రాలేదు. తగ్గినపుడు 16,000, దానిపై నిరువది శాతము 3,200, మొత్తము 19,200 మాత్రమే. రెండవ శాతము చిన్న మొత్తముపై కట్టబడుటయే యిందలి మర్మము.

ఇంతకంటె గొప్ప ప్రమాదము వడ్డీలో నున్నది. ప్రత్తివిత్తనములకై, ఎరువులకై కౌలురైతు 'రెండు రూపాయల వడ్డీ'కి అప్పు తెచ్చుకొనును. వినుట కది స్వల్పము. కాని నూటికి నెలకు రెండనగా, ఏటికి ఇరువదినాలుగు. లక్ష రూపాయలకు రెండేండ్లకు సాదావడ్డీ 48,000. మొదటియేటి వడ్డీని అసలులో కలిపి చక్రవడ్డీ కట్టినచో 53,760. కాగితముపై సంతకము చేయువానికి ఈ 5,760 రూపాయల భేదము తెలియకున్నచో, దానిని తెలిసినవాడు తీసికొనును. ఇంటిలో ఉన్నత పాఠశాల చదివిన బిడ్డ యుండియు, ఆ కాగితమును ముందుగా చదివి లెక్కకట్టకపోయినచో ఆ చదువు ఎవరి కొఱకు?

కావున సోదర విద్యార్థులారా, పాఠము కఠినమైనచో 'ఇది నాకు రాదు' అనక, 'దీనికి పోలినది నా కేమి వచ్చును?' అని ప్రశ్నించుకొనుడు. భాషను కంటితో మాత్రమే చదువక, తప్పులకు సిగ్గుపడక పెద్దగా పలుకుడు. ప్రతిదినము పది పదములు నేర్చి, నిన్నటి పదింటిని మరల తలచుకొనుడు. లెక్కను మనస్సులో దాటవేయక, మెట్టు మెట్టుగా వ్రాయుడు. తప్పిన మెట్టు ఏదో అప్పుడే కానవచ్చును. వచ్చిన జవాబును లోకముతో సరిచూచుకొనుడు. బస్తా మిరప తూకము బండి తూకమును మించినచో, బిందువు ఎచ్చటనో తప్పినదని గ్రహింపుడు.

ఆలస్యముగా మొదలిడుట అవమానము గాదు. ఆ కళాశాలలలో తల్లియు కూతురును ఒకే తరగతిలో కూర్చుండుట తప్పని వారెవ్వరును అనరు. మొదటి మెట్టు వయస్సు నడుగదు. అడుగు పెట్టుటనే యడుగును.