మీకు తెలుసా? పొట్టగోడకు వల!

హెర్నియా ఆపరేషన్‌లో పొట్టగోడ బలహీనపడ్డ చోట వేసే మెష్ చాలావరకు పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన వలే. ల్యాపరోస్కోపీలో దాన్ని చాపలా చుట్టి, సుమారు సెంటీమీటరు రంధ్రంలోంచి పంపి, లోపల విప్పి పరుస్తారు. వల కన్నాల్లోకి మన కణజాలమే అల్లుకుపోయి గోడ గట్టిపడుతుంది. పేగులు తగిలితే అవీ అతుక్కుంటాయి! అందుకే పేగుల వైపు పూత పూసిన మెష్‌లు వచ్చాయి. ఒత్తుగా నేసిందే మేలనుకునేరు. పెద్ద కన్నాల పలచటి వల ఒంట్లో తక్కువ బిగుసుకుంటుంది.

అన్నట్టు, ఉగాండాలో గజ్జల్లో హెర్నియా ఉన్న 302 మంది మగవాళ్లకు కోత ఆపరేషన్ చేసి, కొందరికి ఖరీదైన మెష్, మిగతావారికి శుద్ధి చేసిన దోమతెర గుడ్డ వేశారు. 2016లో ఫలితాలు వచ్చాయి: ఏడాది తర్వాత రెండింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.