వీ.ఎల్.సీ. ప్లేయరు తెరచుకొననప్పుడు

ల్యాప్‌టాప్ గల మన విద్యార్థులలో పలువురు పాఠముల దృశ్యములను చూచుటకును, పాటలు వినుటకును వాడునది వీ.ఎల్.సీ. అను ప్లేయరు. రహదారి మరమ్మతుల చోట నిలుపు నారింజరంగు శంకువు దాని గుర్తు. ఎకోల్ సెంట్రాల్ ప్యారిస్ అను విద్యాలయపు విద్యార్థులు 1996లో ఆరంభించిన పనినుండి యిది పుట్టినది. 2001లో ఎల్లరు స్వేచ్ఛగా వాడుకొనుటకు విడువబడినది. విద్యార్థుల చేతిపని యగుటచే మన పిల్లలకు దీనియందు కొంత యభిమానముండుట న్యాయమే.

ఇట్టి ప్లేయరు ఒక్కొక్కనాడు ఎన్నిమారులు నొక్కినను తెరచుకొనదు. అప్పుడు కలుగు నష్టము ప్లేయరువలన గాక మన తొందరవలననే హెచ్చుగా కలుగును. పెండ్లి దృశ్యములు, తాతగారి కంఠధ్వని, అన్నియు పోయినవని బెదరి, ల్యాప్‌టాప్‌ను అంగడికి గొనిపోయి, లోనిదంతయు తుడిపించి, క్రొత్తగా విండోస్ ఎక్కింపించుకొనువారు కలరు. వేరొక ప్రతి లేనిచో ఆ దృశ్యములు నిజముగా పోవునది అప్పుడే! దృశ్యపు ఫైలు వేరు, దానిని చూపు ప్లేయరు వేరు. హార్మోనియము మూగవోయినంతమాత్రమున పాటల పుస్తకము చినుగదు గదా. ప్లేయరును సమూలముగా తీసివేసినను ఫైళ్లు తమ ఫోల్డరులలో చెక్కుచెదరక యుండును.

కావున తప్పు దేనిదో మొదట తేల్చుకొనవలెను. ఫైలుమీద నొక్కక, స్టార్ట్ మెనూనుండి ప్లేయరును మాత్రమే తెరువుడు. అది తెరచుకొనినచో ప్లేయరు నిర్దోషి. ఫైలు సగము దిగి నిలిచిపోయి యుండవచ్చును, లేక పెన్‌డ్రైవునుండి వచ్చునపుడు చెడియుండవచ్చును.

ప్లేయరే తెరచుకొననిచో మరియొక ప్రశ్న కలదు. అది నిజముగా తెరచుకొనలేదా, లేక తెరచుకొనియు కనబడకున్నదా? ఈ భేదమును పలువురు గమనింపరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కమారుగా నొక్కినచో టాస్క్ మేనేజరు వచ్చును. అందు వీ.ఎల్.సీ. పేరున్నచో అది లోలోపల నడచుచునే యున్నదన్నమాట. వెనుక మూసినపుడు పూర్తిగా ముగియక చిక్కుకొని యుండును. ఒక్క ప్లేయరు మాత్రమే నడువవలెనను ఏర్పాటు చేసికొనియున్నచో, మనము తెరువబోవు ప్రతి ఫైలును ఆ చిక్కుకొన్నదానికే చేరును. క్రొత్త కిటికీ రానే రాదు. ఆ పేరు ఎన్నిచోట్లనున్నను ఒక్కొక్కదానినే ఎన్నుకొని, ఎండ్ టాస్క్ నొక్కి, మరల తెరచి చూడుడు. పెక్కుమారులు చిక్కు ఇక్కడనే విడును.

ప్రొజెక్టరు వాడు ఉపాధ్యాయులకు వేరొక చిత్రము ఎదురగును. కిటికీ ప్రొజెక్టరు తెరమీదనే నిలిచియుండి, ల్యాప్‌టాప్‌పై క్రింది పట్టీయందు గుర్తు మాత్రము కనబడును. విండోస్ మీటతో గూడ పీ అక్షరమును నొక్కి, పీసీ స్క్రీన్ ఓన్లీ అనుదానిని ఎన్నుకొన్నచో సాధారణముగా అది తిరిగి వచ్చును.

ఇవి ఫలింపనిచో ప్లేయరు తన యేర్పాట్లు వ్రాసికొను ఫైలు చెడినదేమో చూడవలెను. స్టార్ట్ మెనూలో వీ.ఎల్.సీ. క్రిందనే రీసెట్ ప్రిఫరెన్సెస్ అండ్ క్యాష్ ఫైల్స్ అను మాటలు కలవు. దానిని నొక్కినచో ఏర్పాట్లు తొలిరూపమునకు వచ్చును. ధ్వని, ఉపశీర్షికలు మున్నగువానిలో మనము చేసికొన్న మార్పులు పోవును, దృశ్యములు పోవు. నాకు మాత్రము వేరొక పద్ధతి నచ్చును. ప్లేయరును ముగించి, విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో యాప్‌డేటా అను మాటను ఇరువైపుల శాతపు గుర్తులతో ఆంగ్లమున వ్రాసినచో ఒక ఫోల్డరు తెరచుకొనును. అందలి వీ.ఎల్.సీ. ఫోల్డరు పేరును మార్చినచో చాలును. ప్లేయరు క్రొత్తదానిని తానే చేసికొనును. ఫలింపకున్నచో క్రొత్తదానిని తీసివేసి పాతపేరు పెట్టవచ్చును. వెనుకకు దారి యుండును.

తుదకు ప్లేయరును తీసివేసి మరల ఎక్కించుకొనవలసివచ్చినచో, వీడియోల్యాన్ సంస్థ సొంత సైటునుండియే తెచ్చుకొనుడు. అందు వెల యడుగరు; వెల యడుగుచోటు వారిది కాదు. మన దేశమున 2022లో ఆ సైటు కొన్ని నెలలు తెరచుకొనకుండ నిలుపబడి, ఆ నవంబరున మరల విడువబడినది. ఆ కాలమున ఎచ్చటనుండియో తెచ్చుకొన్న ప్రతి నేటికిని మీ యింట నున్నచో, అది చక్కగా నడచుచున్నను తీసివేయుట మేలు.

ప్లేయరే గాక ఇతరములును తెరచుకొననిచో రోగము విండోస్‌ది. అప్పుడు అంగడికి పోవలసినదే. అయితే ల్యాప్‌టాప్‌ను వారి చేతికిచ్చుటకు ముందు ఫైళ్లనన్నింటిని వేరొక డిస్కులోనికి ఎక్కించుకొని, ఆ డిస్కును ఇంటనే యుంచి పోవలెను.