బరువు, బలం, దమ్ము: అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ శిక్షణ

ఫుట్‌బాల్ అనగానే మన హైదరాబాదు వారి జ్ఞప్తికి వచ్చేది సయ్యద్ అబ్దుల్ రహీం గారు తీర్చిదిద్దిన ఆట. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాల్గవ స్థానం పొందినపుడు, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకం గెలిచినపుడు ఆ జట్టుకు శిక్షకులు వారే. అమెరికాలో అదే పేరుతో చెలామణి అవుతున్న క్రీడ వేరు. అక్కడ బంతి ఇరువైపుల కొనదేరి ఉంటుంది. కాలితో కన్న చేతితోనే ఎక్కువగా నడుస్తుంది. శిరస్త్రాణాలు, భుజకవచాలు ధరించిన పదకొండుగురు ఒక పక్క, పదకొండుగురు ఇంకొక పక్క బారులు తీరి, సైగ అందగానే ఢీకొంటారు. ఐదారు సెకండ్లలో ఆ పట్టు ముగుస్తుంది. మరల బారులు తీరుతారు. మన విద్యార్థులు ఉన్నత విద్యకై మిషిగన్ విశ్వవిద్యాలయం చేరినపుడు, తరగతి గదులకు దగ్గరలోనే లక్షమందికి పైగా కూర్చొనదగిన క్రీడాంగణాన్ని చూచి విస్తుపోతారు. అది వృత్తిక్రీడాకారులది కాదు. విద్యార్థులు ఆడే ఆటకై నిర్మించినది.

ఆ ఆట నియమాలను వివరించుట మా ఉద్దేశం కాదు. పద్దెనిమిది నుండి ఇరువది రెండేళ్ళ వయస్సుగల విద్యార్థి శరీరం ఆ శిక్షణలో ఏమవుతున్నదో చెప్పదలచినాము. బరువు, బలం, దమ్ము అనే మూడింటిని లోకం ఒకటిగా భావిస్తుంది. అవి మూడు వేర్వేరు గుణాలు. ఒకదానిని పెంచబోతే మరొకటి తగ్గవచ్చును. ఈ భేదం తెలియని శిక్షకుల చేతిలో, తెలిసియు లక్ష్యపెట్టని శిక్షకుల చేతిలో, కొందరు విద్యార్థులు ప్రాణాలు కోల్పోయినారు.

మొదట బరువు సంగతి. ముందు వరుసలో నిలిచే ఆటగాళ్ళను లైన్‌మెన్ అంటారు. ఎదుటివానికి, వీరికి మధ్య దూరం చేయి చాపినంత కూడ ఉండదు. పరుగెత్తి వేగం పుంజుకొనే అవకాశం లేదు గనుక తాకిడి శక్తికి ద్రవ్యరాశియే ప్రధానం. బరువైనవానిని కదల్చుట కష్టం; అతడు కదలి వచ్చునపుడు ఆపుట ఇంకను కష్టం. ఈ సత్యాన్ని కళాశాలలు చాలనాళ్ళ క్రిందటనే గ్రహించినవి. 1892లో హార్వర్డ్ జట్టు యేల్ జట్టుపై ఒక వ్యూహం ప్రయోగించినది. ఆటగాళ్ళు దూరం నుండి మేకు ఆకారంలో పరుగెత్తి వచ్చి ఒకే చోట పడుట దాని పద్ధతి. గాయాలు మితిమీరుటచే రెండేళ్ళలోనే దానిని నిషేధించినారు. అయినను గుంపులుగా త్రోసుకొనుట ఆగలేదు. 1905లో దేశమంతట కలిపి 18 మంది దాకా ఆటలో మరణించినారని పత్రికలు లెక్కగట్టినవి. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ స్వయంగా హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతభవనానికి పిలిపించి మాట్లాడినాడు. 1906లో బంతిని ముందుకు విసరుటకు అనుమతినిచ్చి, ఆటను కొంత విశాలపరచినారు. అదే యేడు ఏర్పడిన కళాశాలల సంఘం 1910 నుండి ఎన్.సి.ఎ.ఎ. అనే పేరుతో నేటికిని ఈ క్రీడలను శాసిస్తున్నది.

నియమం మారితే దేహం కూడ మారుతుందనుటకు ఇంకొక నిదర్శనం చూడండి. 1953 నుండి 1964 వరకు ఆటగాళ్ళను ఇష్టానుసారం మార్చుటకు వీలులేదు. ఒకే కుర్రవాడు దాడిలోను, రక్షణలోను నిలువవలసి వచ్చేది. అంతసేపు మైదానంలో తిరుగవలసినవాడు ఎంత బరువు మోయగలడు? ఆనాటి లైన్‌మెన్ రెండువందల పౌండ్లకు కొంచెం అటునిటుగా, అనగా మన లెక్కలో తొంభై, నూరు కిలోల మధ్య ఉండేవారు. ఆ నిర్బంధం తొలగి, దాడికి ఒక దళం, రక్షణకు వేరొక దళం ఏర్పడిన తరువాత దమ్ము అవసరం తగ్గినది. బరువుకు గిరాకీ పెరిగినది. నేడు పెద్ద విశ్వవిద్యాలయాల దాడి దళాలలో మూడువందల పౌండ్లు, అనగా 136 కిలోలు తూగని లైన్‌మన్ అరుదు.

ఇక బలం. ఇనుపగుండ్లు ఎత్తితే కండలు బిగుసుకొనిపోయి ఆటగాడు మందగిస్తాడని అమెరికా శిక్షకులు చాలకాలం నమ్మినారు. మన తాలింఖానాలలో దండీలు, బస్కీలు తీసి, ముగ్దర్లు త్రిప్పిన పహిల్వానులు ఆ మాట వింటే నవ్వుకొనేవారేమో! ఆ అపనమ్మకాన్ని సడలించినవారిలో లూసియానా రాష్ట్రపు ఆల్విన్ రాయ్ ఒకడు. అతని పద్ధతిలో బరువులెత్తిన ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయ జట్టు 1958లో దేశంలో ప్రథమస్థానం పొందినది. కాని అసలు మార్పు నెబ్రాస్కాలో వచ్చినది. బాయిడ్ ఎప్లీ అనే విద్యార్థి అక్కడ గడకర్ర దూకుడు ఆటగాడు. నడుము దెబ్బతిని బరువుల గదిలో కాలం గడుపుచుండగా, గాయపడిన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు అతనిని చూచి అనుకరించి బాగుపడినారు. 1969లో ప్రధాన శిక్షకుడు బాబ్ డెవేనీ అతనిని పనిలో పెట్టుకొంటూ, ఎవడైన ఒకడు మందగించినను నీ ఉద్యోగం పోయినట్లేనని హెచ్చరించినాడట. ఎవడును మందగించలేదు. 1970లోను, 1971లోను నెబ్రాస్కా జాతీయ ఛాంపియన్‌గా నిలిచినది. 1978లో ఎప్లీ ఈ శిక్షకులకొక జాతీయ సంఘాన్ని స్థాపించినాడు. ఈనాడు బలశిక్షకుడు లేని పెద్ద కళాశాల జట్టు అమెరికాలో లేదు.

బలం పెరిగే విధానంలో రహస్యమేమియు లేదు. కండరానికి దాని అలవాటుకు మించిన భారాన్ని కొంచెం కొంచెంగా ఇచ్చి, విశ్రాంతినిచ్చి, మాంసకృత్తులు గల ఆహారం పెడితే అది తన్ను తాను దృఢపరచుకొంటుంది. కసరత్తు పిలుపు మాత్రమే. కండ పెరిగేది విశ్రాంతిలో, నిద్రలో. అందుచేత దీనికి తొందర పనికిరాదు. కొత్తగా చేరిన విద్యార్థిని మొదటి సంవత్సరం పోటీలలో దింపక, బరువుల గదిలోను, భోజనశాలలోను పెంచే ఆచారం అక్కడ ఉన్నది. 2014లో ఆటగాళ్ళకు పరిమితి లేకుండ ఆహారం పెట్టుటకు ఎన్.సి.ఎ.ఎ. అనుమతినిచ్చినది. ఒక్క వేసవిలో పది, పదిహేను కిలోలు పెరగుమని కుర్రవానిని ఒత్తిడి చేస్తే పెరిగేదానిలో కండ కన్న క్రొవ్వే అధికం. త్రాసు మాత్రం రెంటిని ఒకే అంకెతో చూపుతుంది. ఆ అంకెను చూచి సంతోషించే శిక్షకుడు, ఆట మానిన తరువాత ఆ భారాన్ని మోకాళ్ళపై, గుండెపై నలుబదేళ్ళు మోయవలసినది ఎవరో ఆలోచించడు.

మూడవది దమ్ము. ఇక్కడనే అనర్థాలన్నీ ఉన్నవి గనుక కొంచెం నిదానించి చెప్పుతాము. ఈ ఆటలో ఒక్కొక్క పట్టు ఐదారు సెకండ్లు. తరువాతి పట్టుకు నలుబది సెకండ్ల దాకా వ్యవధి. అంత స్వల్పమైన శ్రమకు కావలసిన శక్తి కండరంలో ముందే నిలువయున్న రసాయనాల నుండి వస్తుంది. విరామంలో ఆ నిలువ మరల నిండుతుంది. కనుక ఆటకు కావలసిన దమ్ము చిన్న పరుగు, మంచి విరామం, మరల చిన్న పరుగు అనే క్రమంలో అలవడేది. కాని చాల జట్లలో దమ్ము పేరిట జరిగినది వేరు. ఆగకుండ పరుగులు తీయించుట, వెనుకబడినవానిని దండించుట, సొమ్మసిల్లినవానిని పిరికివాడనుట పరిపాటి అయినది. 1954లో టెక్సస్ ఎ అండ్ ఎమ్ శిక్షకుడు బేర్ బ్రయంట్ సుమారు నూరుగురు కుర్రవాళ్ళను జంక్షన్ అనే ఊరికి తీసుకొనిపోయి, మండుటెండలో పది దినాలు, దాహానికి నీళ్ళు కూడ సరిగ ఇవ్వక సాధన చేయించినాడు. సుమారు ముప్పది అయిదుగురు మిగిలినారు. ఆ యేడు జట్టు పదింట ఒక్క ఆటయే గెలిచినది. రెండేళ్ళ తరువాత ప్రాంతీయ విజేత అయిన మాట నిజమే. దానినే పట్టుకొని ఆ శిబిరాన్ని వీరగాథగా చెప్పుకొన్నారు. ఆ పది దినాల వల్ల గెలిచినారో, వాటిని తట్టుకొని గెలిచినారో ఎవరును విచారించలేదు.

బరువుకు, ఎండకు గల విరోధాన్ని ఒక పోలికతో చెప్పవచ్చును. చిన్న గిన్నెలోని పాలు ఇట్టే చల్లారుతవి. వలీమా విందుకు వండి దించిన దేగ్‌లోని బిర్యానీ గంటలకొలది పొగలు కక్కుతూనే ఉంటుంది. వేడి పుట్టేది ద్రవ్యరాశిలో. పోయేది పైతలం నుండి. దేహం పెద్దదైన కొలది ద్రవ్యరాశి పెరిగినంతగా చర్మవైశాల్యం పెరగదు. పైగా క్రొవ్వు పొర దుప్పటివలె వేడిని లోపలనే ఉంచుతుంది. తలకు శిరస్త్రాణం, ఛాతీకి కవచం తొడిగితే చెమట ఆరే దారి కూడ మూసుకొనిపోతుంది. అందుచేతనే ఎండదెబ్బకు బలి అయినవారిలో లైన్‌మెన్ అధికం.

2018 మే 29న మేరిలాండ్ విశ్వవిద్యాలయంలో జోర్డన్ మెక్‌నేర్ అనే పందొమ్మిదేళ్ళ లైన్‌మన్ 110 గజాల పరుగులు పదిమార్లు తీయవలసి వచ్చినది. అతని బరువు మూడువందల పౌండ్లకు మించినది. పరుగుల చివర నిలువలేకపోయినాడు. ఆసుపత్రి చేరునాటికి శరీరోష్ణం 106 డిగ్రీల ఫారెన్‌హీట్. జూన్ 13న మరణించినాడు. విశ్వవిద్యాలయమే నియమించిన విచారణలో తేలినదేమనగా, లక్షణాలు కనబడిన తరువాత అంబులెన్సును పిలుచుటకు గంటకు పైగా జాప్యం జరిగినది. చల్లని నీటిలో ముంచలేదు. ఎండదెబ్బకు ఇంతకు మించిన మందు లేదు. కుప్పకూలిన అరగంట లోపల మంచునీటి తొట్టిలో ముంచి ఉష్ణాన్ని దింపగలిగితే దాదాపు అందరును బ్రతుకుతారు. ఒక తొట్టి, నీళ్ళు, మంచుగడ్డలు! లక్షల డాలర్ల బరువుల గదులున్న చోట వాటికి లోటు లేదు. ముంచవలెననే నిర్ణయం ఎవరును తీసుకొనలేదు, అంతే.

ఎండ లేకున్నను ప్రమాదం పొంచి ఉండవచ్చును. 2006లో రైస్ విశ్వవిద్యాలయంలో డేల్ లాయిడ్ అనే పందొమ్మిదేళ్ళ విద్యార్థి నూరు గజాల పరుగులు పదహారు తీసి కూలిపోయి, మరునాడు మరణించినాడు. అతనిలో సికిల్ సెల్ లక్షణం ఉన్నదని తరువాత బయటపడినది. తల్లి నుండియో తండ్రి నుండియో ఒక్క జన్యువు సంక్రమించినవారు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. విరామం లేని తీవ్రశ్రమలో మాత్రం రక్తకణాలు కొడవలివలె వంగి కండరాలకు రక్తం అందకుండ చేయవచ్చును. 2010 నుండి ఎన్.సి.ఎ.ఎ. తన ప్రథమశ్రేణి కళాశాలలలో ఈ పరీక్షను ప్రవేశపెట్టినది. 2011 జనవరిలో అయోవా విశ్వవిద్యాలయంలో జరిగినది ఇంకొక విధం. సెలవుల నుండి తిరిగి వచ్చిన ఆటగాళ్ళ చేత భుజాలపై బరువుంచి నూరు బస్కీలు తీయించినారు. పదముగ్గురు ఆసుపత్రి పాలైనారు. కండరాలు విచ్ఛిన్నమై వాటి పదార్థం రక్తంలో కలిసి, మూత్రం నల్లబడినది. మూత్రపిండాలకు ముప్పు వచ్చినది. అదృష్టవశాత్తు అందరును కోలుకొన్నారు.

2000 తరువాత ఆ దేశపు కళాశాల ఫుట్‌బాల్‌లో తాకిడి గాయాలచే మరణించినవారి కన్న, ఇట్లు కసరత్తులలో మరణించినవారే అనేక రెట్లు అధికమని వైద్యులు లెక్క తేల్చినారు. ఆటను మెత్తబరచకుండనే ఈ చావులను ఆపవచ్చునని దీని అర్థం. కొన్ని మంచి నియమాలు రాకపోలేదు. 2003లో సాధన మొదటి ఐదు దినాలు శరీరాన్ని ఎండకు అలవాటు చేయుటకు కేటాయించినారు. 2017లో దినానికి రెండుమార్లు తాకిడి సాధనను నిషేధించినారు. కాని బలశిక్షకుని ఉద్యోగం ప్రధాన శిక్షకుని దయపై ఆధారపడినంత కాలం, పరుగు ఆపుమని చెప్పవలసిన వైద్యసహాయకునికి స్వతంత్రాధికారం లేనంత కాలం ఈ నియమాలు సగం మాత్రమే పనిచేస్తవని మా అభిప్రాయం.

మన విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటున్నది. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆడి వృత్తిక్రీడలో ప్రవేశించిన హంజా అబ్దుల్లా, హుసేన్ అబ్దుల్లా సోదరులు 2012లో హజ్ యాత్రకై ఆ యేటి ఆటనే వదలుకొన్నారు. హుసేన్ 2010లో ఆగస్టు ఎండలో రోజా ఉంటూనే శిక్షణ శిబిరంలో పాల్గొన్నాడు. అతని జట్టు వైద్యులు వాదించక, సహ్రీ, ఇఫ్తార్ వేళలకు తగినట్లు ఆహారం, నీరు ఏర్పరచి బరువును కనిపెట్టినారు. మిషిగన్‌లోని డియర్‌బోర్న్ పట్టణపు ఒక ఉన్నత పాఠశాల జట్టు, రంజాన్ ఆగస్టులో వచ్చినపుడు సాధననే రాత్రి పొద్దుపోయిన తరువాతకు మార్చుకొన్నది. దేహస్థితిని బట్టి శిక్షణను మార్చుట అసాధ్యం కాదని వీటి వలన తెలుస్తున్నది.

మన రాష్ట్రాలలో ఈ ఆటకు అంతగా ప్రచారం లేదు. కాని పోలీసు కానిస్టేబుల్ ఎంపికకై 1600 మీటర్ల పరుగు సాధన చేసే విద్యార్థులు ప్రతి కళాశాలలోను ఉన్నారు. ఎండ అదే, వయస్సు అదే. ఆదిలాబాదు గోండులలోను, విశాఖ మన్యంలోని గిరిజనులలోను సికిల్ సెల్ జన్యువు ఉన్నది. 2023లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన జాతీయ కార్యక్రమం క్రింద పరీక్షలు జరుగుతున్నవి. ఆ ప్రాంతాల విద్యార్థులు పరుగు సాధనకు పూర్వమే పరీక్ష చేయించుకొనుట మేలు. పరుగెత్తేవాడు కూలిపోయి, మాట తడబడి, ఒళ్ళు కాలుతుంటే ఒకరు 108కు ఫోను చేయవలెను. మిగిలినవారు అంబులెన్సు వచ్చేదాక చూస్తూ నిలువరాదు. వెంటనే నీడకు చేర్చి, బూట్లు, బనియను విప్పి, దొరికిన నీళ్ళన్నీ ఒంటిపై పోయవలెను. మంచుగడ్డలు దొరికితే మెడకు, చంకలకు, గజ్జలకు అదిమి పెట్టి విసరుతూ ఉండవలెను. స్పృహ సరిగా లేనివాని నోట నీళ్ళు పోయరాదు.